కొలతల పుస్తకంలో ప్లస్ గుర్తులు

పర్లాకిమిడి

పిల్లలూ,

తాత దీవెనలు. మొన్న దసరా సెలవులకి వచ్చినప్పుడు అటక మీంచి అట్ట ఊడిన పుస్తకమొకటి దించి నన్నో ప్రశ్న అడిగారు, గుర్తుందా? "తాతా, ఈ 31 పక్కన ప్లస్ గుర్తుంది. దేంతో కూడాలి? జవాబు ఎక్కడ రాశారు?" అని. నేను నవ్వేసి, విశాఖ రైలుకి టైమైపోతోందని మిమ్మల్ని తొందరపెట్టాను. నిజానికి టైము చాలానే ఉంది. రెండు మాటల్లో తేలే సంగతి కాదని దాటేశాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ఆ పుస్తకం మా అమ్మది, అంటే మీ తాతమ్మది. ఊళ్లో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ మిషనమ్మే. ఇందులో ఒక తిరకాసుంది. మన నోట్లో కుట్టు మిషనూ మిషనే, చర్చి వాళ్ల మిషనూ మిషనే. అమ్మ చిన్నప్పుడు మిషను కాంపౌండులో కెనడా బాప్టిస్టు దొరసానుల దగ్గర సూది పట్టడం నేర్చుకుంది. పెద్దయ్యాక ఇంట్లో మిషను తొక్కింది. మరి పేరు దేన్నిబట్టి వచ్చిందే అని అడిగితే, "ఏదైతే ఏటి, పిలిస్తే పలుకుతున్నాను కదా" అనేది.

అమ్మ పాకే వయసులో, 1936 ఏప్రిల్ 1న, ఒడిశా వేరే రాష్ట్రమైంది. మన ఊరు అందులోకి వెళ్లింది. కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నం మద్రాసులోనే ఉండిపోయింది. అలా మా మేనత్త ఇల్లు వేరే రాష్ట్రంలో పడింది. పప్పు మిగిలితే గిన్నెలో పెట్టి రాష్ట్రం దాటించేవాళ్లం, అంతకు మించి తేడా మాకు తెలీలేదు. అమ్మ టేపు మాత్రం రెండు భాషలు మాట్లాడేది. తెలుగావిడ వస్తే "ముప్పై రెండు", ఒడియా ఆవిడ వస్తే "బతిశ". కొండ మీంచి దిగిన సవర ఆడవాళ్లకైతే టేపు మీద గోరుతో నొక్కి చూపించేది.

టేపంటే గుర్తొచ్చింది. అప్పట్లో మన ఊరికి వచ్చేది చిన్న రైలు. 1900లో నౌపడా నుంచి మొదలైన లైను అది. పట్టాల మధ్య దూరం రెండడుగుల ఆరంగుళాలు, అంటే 30 అంగుళాలు. "నా టేపులో సరిగ్గా సగం" అని అమ్మ మురిసిపోయేది. 2004లో దాన్ని ఆపేసి పెద్ద లైను వేశారు. మీరు ఎక్కేది ఆ పెద్ద రైలే.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా నాన్న జ్వరంతో పోయాడు. అమ్మకి మేం ముగ్గురం. దుఃఖం గురించి ఎక్కువ రాయను. ఆవిడే ఎక్కువ మాట్లాడలేదు. పది దినాలు గడిచాక ఎవరో అమ్మేస్తున్న పాత ఉషా మిషను వాయిదాల మీద కొంది. కలకత్తా సరుకు. నల్లటి ఒళ్లు, దాని మీద బంగారు రంగు అక్షరాలు. మొన్న మీరు టీవీ స్టాండుగా బావుంటుందన్నారే, అదే.

అది స్టాండు కాదర్రా, ఎంత తెలివైన వస్తువో వినండి. చేత్తో కుట్టే సూదికి బెజ్జం తోక దగ్గర ఉంటుంది. మిషను సూదికి మొన దగ్గర ఉంటుంది. ఆ చిన్న మార్పు మీదే మొత్తం నడుస్తుంది. అమెరికాలో ఎలియాస్ హోవె అనే ఆయన 1846లో పేటెంటు తీసుకున్న మిషనులో ఉన్నది ఈ మొన బెజ్జమే. సూది దారాన్ని గుడ్డ కిందికి తీసుకెళ్తుంది. మళ్లీ పైకి లేవబోయే క్షణంలో ఆ దారం కొంచెం వదులై ఉచ్చులా నిలబడుతుంది. కింద షటిల్ కొక్కెం ఆ ఉచ్చును పట్టుకుని బాబిన్, అంటే కింది దారం చుట్టిన చిన్న కండె, దాని చుట్టూ తిప్పేస్తుంది. పై దారం, కింది దారం పెనవేసుకుంటాయి. ముడి ఎక్కడ పడాలి? రెండు గుడ్డల మధ్యన. పై దారం బిగువెక్కువైతే కింది దారం పైకి తేలుతుంది, వదులైతే పై దారం కింద గుత్తులు కడుతుంది. అమ్మ కొత్త గుడ్డ పట్టిన ప్రతిసారీ ముందు ఒక పీలిక మీద నాలుగు కుట్లు వేసి, వేలు తడిచేసి, వెనకా ముందూ తడిమేది. కళ్లతో చూసేది కాదు.

ఇక జాకెట్టు సంగతి. ఎవరైనా కుట్టించుకోడానికి వస్తే ఆది జాకెట్టు తెస్తారు కదా. అమ్మ దాన్ని తీసుకునేది, కానీ నమ్మేది కాదు. "ఇది నిరుడు కుట్టింది. మనిషి ఈ యేడుది" అని మళ్లీ టేపు పట్టేది. పుస్తకంలో రాసేది: పొడవు 14, ఛాతీ 34, నడుం 28, చెయ్యి 6, మెడ 6. పేర్లు రాయలేదు. "బావి దగ్గరావిడ", "పచ్చ గుమ్మం", "మాటకారి కోడలు" అని ఆనవాళ్లే. చదివి మీరు కడుపుబ్బా నవ్వారు. ఎవరిదైనా పుస్తకం చూస్తే కొలతలు బయటపడకూడదని ఆవిడ జాగ్రత్త.

పక్కల లోపల అంగుళంన్నర గుడ్డ వదిలి పావు అంగుళం ఎడంగా మూడు కుట్లు వేసేది. ఎదిగే పిల్ల అయితే యేడాదికి ఒక కుట్టు విప్పుకుంటే సరి. రెండు పక్కలా కలిపి అంగుళం వదులొస్తుంది. కూలి ఒక్కసారే, జాకెట్టు మూడేళ్లు. మరి రెండేళ్ల కూలి పోతోంది కదే అని నేను లెక్క కట్టి చెబితే, నీకు బళ్లో నేర్పింది తీసివేతలేనా అంది.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తున్నాను. టేపు పట్టిన మనిషికి డాక్టరుకన్నా ముందు తెలిసే సంగతులు కొన్ని ఉంటాయి. నెల తప్పిన పిల్ల తల్లికి చెప్పకముందే నడుం చెబుతుంది. భర్త చేయి చేసుకుంటే భుజం కొలిచేటప్పుడు మనిషి ఉలిక్కిపడుతుంది. తిండి లేకపోయినా, లోపల టీబీ పట్టినా ఛాతీ కొలత తగ్గుతుంది. 34 ఉన్నావిడ మర్నాటి యేడు 31కి వస్తే అమ్మ "చిక్కిపోయావేటే" అని పదిమందిలో అనేది కాదు. అంకె వేసి, పక్కన చిన్న శిలువ గీసేది.

అదర్రా మీరు ప్లస్ అనుకున్నది.

రాత్రి మేం పడుకున్నాక లాంతరు దగ్గర బైబిలు చదువుకుని, దాన్ని మూసి, ఈ పుస్తకం తెరిచేది. శిలువ ఉన్న ప్రతి అంకె మీదా వేలు పెట్టి ప్రార్థన చేసేది. గొంతు వినపడేది కాదు, వేలు కదలడం మాత్రం నేను దుప్పట్లోంచి చూశాను. తెల్లారాక ఊరికే కూర్చునేది కాదు. ఏదో గుండీ వంకతో ఆ ఇంటికి వెళ్లేది, ఒంట్లో ఎలా ఉందో కనుక్కునేది, అవసరమైతే చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లేది. చిక్కినవాళ్ల జాకెట్టు పక్కలు లోపలికి పట్టేటప్పుడు మిగిలిన గుడ్డని కత్తిరించేది కాదు. మడిచి లోపలే పెట్టి కుట్టేది. మళ్లీ ఒళ్లు చేస్తే విప్పుకోవాలి కదా అని. "పచ్చ గుమ్మం" వరస చూడండి: 34, 31, 30, తర్వాత 33. ఆవిడ బతికింది. "బావి దగ్గరావిడ" వరస 28 దగ్గర ఆగిపోయింది. ఆ పేజీలో ఇంకేమీ లేదు.

ఆదివారం మిషను ముట్టేది కాదు. శనివారం రాత్రే చక్రం మీంచి తోలు బెల్టు జార్చేసి మీద పాత చీర కప్పేది, మేం ఆడుకోడానికైనా తొక్కకుండా. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి వాకిట్లో ఒకాయన నిలబడి ఉన్నాడు. అంతకుముందు రాత్రే పసిబిడ్డ పోయింది, తెల్ల గౌను కావాలి. అమ్మ బెల్టు ఎక్కించలేదు. మల్లు గుడ్డ తీసి గుమ్మంలో కూర్చుని చేత్తో కుట్టింది, గంటన్నరలో. "ఆదివారం కదే" అన్నాను నేను, తెలివైనవాణ్ణని. "సెలవు మిషనుకి" అంది. చావు బట్టకి ఎప్పుడూ కూలి తీసుకోలేదు.

మిగతా వాటికి తీసుకునేది, గట్టిగా అడిగి మరీ. ఇది ఎందుకు రాస్తున్నానంటే, పోయినవాళ్లని దేవతల్ని చేసేయడం మనకి అలవాటు. ఒకసారి పాస్టరుగారు అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయం చదివి, యొప్పేలో పేదలకి బట్టలు కుట్టిన తబితా ఉంది కదా, దొర్కా అని ఇంకో పేరు, మన సంఘంలోనూ ఒక దొర్కా ఉంది అని అమ్మవైపు చూశారు. ఇంటికొచ్చాక ఆవిడ చిరాకు పడింది. "దొర్కా కూలి తీసుకుందో లేదో అందులో రాయలేదు. నేను తీసుకుంటాను. రేపట్నించి బాకీలు ఎవరిస్తారు?" అంది. అన్నట్టే అయింది. ఒక బడివాళ్లు అరవై జతల యూనిఫారాలు కుట్టించుకుని సగం డబ్బు ఎగ్గొట్టారు. ఏ బడో చెప్పను, ఎందుకులెండి. ఆ యేడు క్రిస్మసుకి మాకు కొత్త బట్టల్లేవు.

మామూలుగానైనా మావి ఆఖరునే. క్రిస్మసు, వెంటనే సంక్రాంతి, ఊరి బట్టలన్నీ మా ఇంట్లోనే. మా చొక్కాలకి కాజాలు ఇరవయ్యైదో తారీకు తెల్లవారుజామున పడేవి. అవీ మిగిలిన ముక్కలతోనే. ఒక యేడు నా నీలం చొక్కాకి గళ్ల జేబు వచ్చింది. బళ్లో పిల్లలు నవ్వారని ఆ జేబు పీకేసి, మేకుకి పట్టుకుని చిరిగిందని అబద్ధమాడాను. అమ్మ దారం కొసలు చూసింది. చిరిగిన గుడ్డకీ, పీకిన కుట్టుకీ తేడా ఆవిడకి తెలీదా? ఏమీ అనలేదు. అదే గళ్ల గుడ్డతో మళ్లీ జేబు వేసింది, ఈసారి రెండు వరసలు కుట్టి. ఇప్పటికీ ఆ మాట ఒప్పుకోలేదు నేను. మీకే మొదట చెబుతున్నాను.

పుస్తకం చివరి పేజీ మీరు చూసినట్టు లేదు. అక్కడ అమ్మ తన కొలతలు తనే రాసుకుంది: ఛాతీ 29. చెయ్యి వణికినట్టుంది, 9 కొస పక్కకి పోయింది. పక్కన శిలువ వేసుకోలేదు. ఇప్పుడక్కడ పెన్సిలుతో గీసినది ఉంది. అది మీ మామ్మ పెట్టింది. ఎప్పుడు పెట్టిందో నేను అడగలేదు.

సరే, అసలు పని. వేసవికి వచ్చేటప్పుడు విశాఖలో 16 నంబరు సూదులు ఒక పేకట్టు, మిషను నూనె సీసా ఒకటి తీసుకురండి. తోలు బెల్టు ఎండి పగిలింది, అది ఇక్కడే దొరుకుతుంది, నేను తెస్తాను. నూనె వేసిన రోజు మంచి గుడ్డ పెట్టకూడదు, మరకలౌతాయి. అందుకని ఏవైనా పాత బట్టలు కూడా పట్టుకురండి. బాబిన్‌కి దారం చుట్టడం పెద్దది నేర్చుకుంటుంది, చిన్నోడికి కాళ్లు అందితే తొక్కుతాడు. టీవీ మాత్రం గోడకి కొట్టించుకుందాం.

మీ
తాత