చిక్కబడటం లేదని ఇంకో గుప్పెడు ఉప్పు వేస్తున్నారా?

"సార్, వేసేకొద్దీ చిక్కబడింది. ఆఖరి గుప్పెడు వేశాక నీళ్లయిపోయింది. ఇంకో కిలో వేసేదా?"

కర్నూలు చుట్టుపక్కల డిష్‌వాష్ లిక్విడ్ చేసే డ్వాక్రా అక్కల దగ్గర్నుంచి నాకు తరచూ వచ్చే ఫోన్ ఇది. వద్దమ్మా, ఆ సంచి పక్కన పెట్టండి.

అపోహ: ఉప్పు ఎంత వేస్తే అంత చిక్కదనం.

వాస్తవం: లిక్విడ్‌లో జిడ్డు వదిలించే సరుకు ఎస్.ఎల్.ఈ.ఎస్. (సోడియం లారెత్ సల్ఫేట్). నీళ్లలో దాని అణువులు తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టి గుంపులు కడతాయి, వాటినే మైసెల్స్ అంటారు. అవి మొదట ఆవగింజల్లా గుండ్రంగా ఉంటాయి, ఒకదాని పక్కనుంచి ఒకటి జారిపోతాయి. తలల మీది రుణావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకోవడమే కారణం. ఉప్పులోని సోడియం ఆ తోపులాట తగ్గిస్తుంది. తలలు దగ్గరై, గింజలు కాస్తా సేమ్యా పోగుల్లా సాగి పెనవేసుకుంటాయి. మన చిక్కదనం ఆ చిక్కే. ఉప్పు ఇంకా పెరిగితే పోగులు కొమ్మల్లా ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ అతుకులు పోగు వెంట జారగలవు కాబట్టి చిక్కు వదులవుతుంది. అక్కడా ఆగకపోతే మబ్బుపట్టి రెండు పొరలుగా విడిపోతుంది.

నా మొదటి వంద లీటర్లు అలాగే పోయాయి. మే నెల, రేకుల షెడ్డు. వేడికి ఆ పోగులు పొట్టివైపోతాయి, లిక్విడ్ పలచగానే కనిపిస్తుంది. అది ఉప్పు తక్కువై అనుకుని వేస్తూ పోయాను. తెల్లారి చూస్తే డ్రమ్ములో పైనొక పొర, కిందొక పొర. అప్పు తెచ్చి కొన్న సరుకు, ఇంట్లో చెప్పడానికి వారం పట్టింది. అందుకే మీ టెన్షన్ నాకు తెలుసు.

ఉప్పు డ్రమ్ములో వేయకముందే లీటరు శాంపిల్ తీసి రెండేసి గ్రాములు వేస్తూ రాసుకోండి. చల్లారి, నురగ దిగాకే చిక్కదనం చూడండి. బోరు నీళ్లతో చేస్తే వాటి కాల్షియం, మెగ్నీషియం కూడా ఉప్పు పనే చేస్తాయి, అదీ గట్టిగా. అనంతపురం లెక్క కడపలో పనికిరాదు.

చిక్కగా ఉంటే బాగా తోముతుందంటారు. జిడ్డు వదిలించేది లోపలున్న సరుకు, చిక్కదనం కాదు. నురగ సంగతీ అంతే. కుంకుడుకాయలో కెమికల్ లేదనే వాళ్లతో వాదించను, అందులో నురగ తెచ్చే సపోనిన్ కూడా ఇదే జాతి.

ఆ అక్కకు చెప్పిందొకటే: గ్లాసుడు తీసి చెంచా ఆర్.ఓ. నీళ్లు కలపమ్మా, చిక్కబడితే ఉప్పు ఎక్కువైనట్టే, ఉప్పు లేని బ్యాచ్ కొంచెం కొంచెంగా కలుపు అని. పది నిమిషాలకు ఫోన్ చేసింది. "నీళ్లు పోస్తే గట్టిపడిందేంది సార్!"