నీటిచుక్కలో బుడగలు: గ్రీన్ హైడ్రోజన్ వెనకున్న పాత చిక్కు

గ్రీన్ హైడ్రోజన్, అంటే పునరుత్పాదక విద్యుత్తుతో నీటిని విడగొట్టి తీసే హైడ్రోజన్ గురించి ఎంత మాట్లాడినా చివరికి ఒకే ప్రశ్న మిగులుతుంది. అంత కరెంటు చౌకగా ఎక్కడి నుంచి తేవాలి? కరెంటు పంపి పదార్థాలను విడగొట్టే విద్యుద్విశ్లేషణకు ఇది మొదటి నుంచీ ఉన్న చిక్కే.

1800లో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా లోహపు రేకులు పేర్చి చేసిన బ్యాటరీ కబురు లండన్ చేరగానే విలియం నికల్సన్, ఆంథొనీ కార్లైల్ తామూ ఒకటి తయారు చేసుకున్నారు. తీగ బాగా ఆనాలని పై రేకు మీద ఒక నీటిచుక్క వేశారు. అందులో సన్నటి బుడగలు లేచాయి. ఆ సంగతేమిటో తేల్చుకుందామని రెండు తీగలనూ నీళ్లలో ముంచి చూస్తే ఒకదాని దగ్గర హైడ్రోజన్, రెండోదాని దగ్గర ఆక్సిజన్ వచ్చాయి. 1807లో హంఫ్రీ డేవీ పొటాష్ అనే క్షారాన్ని కరిగించి అందులోకి కరెంటు పంపితే పాదరసంలా మెరిసే బొట్లు బయటపడ్డాయి. కొన్ని అక్కడికక్కడే భగ్గుమన్నాయి. అదే పొటాషియం!

జరిగేది ఇది. ఉప్పులాంటి పదార్థం నీళ్లలో కలిసినా, వేడికి కరిగినా దానిలోని అయాన్లు, అంటే విద్యుదావేశమున్న కణాలు, కదలగలుగుతాయి. ధన అయాన్లు కాథోడ్ (రుణ ధ్రువం) దగ్గరికి వెళ్లి ఎలక్ట్రాన్లు తీసుకుంటాయి, రుణ అయాన్లు ఆనోడ్ (ధన ధ్రువం) దగ్గర వదిలేస్తాయి. ఎంత విద్యుత్తు పంపితే అంత పదార్థమే వస్తుందని 1830లలో ఫారడే తేల్చాడు. టన్నుల్లో లోహం కావాలంటే బ్యాటరీలు ఏ మూలకు? యంత్రం తిప్పి కరెంటు పుట్టించే డైనమోలు వచ్చేదాకా పరిశ్రమ ఆగాల్సి వచ్చింది.

1884లో కూడా అల్యూమినియం దాదాపు వెండి ధర పలికేది. దాన్ని తీసే అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) కరగాలంటే 2,000 డిగ్రీల సెల్సియస్ పైనే వేడి కావాలి మరి. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో హెరూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, ఆ అల్యూమినాను క్రయొలైట్ అనే ఖనిజాన్ని కరిగించి అందులో కలిపి 1,000 డిగ్రీల లోపే పని కానిచ్చారు. ఇద్దరికీ అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. ఆ తర్వాత కార్ఖానాలు నయాగరా లాంటి జలపాతాలను వెతుక్కుంటూ వెళ్లాయి. ఇప్పటికీ కిలో అల్యూమినియానికి 13 నుంచి 15 యూనిట్ల కరెంటు పడుతుంది. కొన్ని గంటలు కరెంటు పోతే తొట్టెల్లోని ద్రవం గడ్డకట్టుకుపోతుంది.

రాగిని శుద్ధి చేయడానికీ, ఉప్పునీటి నుంచి క్లోరిన్, కాస్టిక్ సోడా తీయడానికీ ఇదే పద్ధతి.

హైడ్రోజన్‌దీ కొత్త కథ కాదు. నార్వేలో ఎరువుల కోసం గత శతాబ్దంలోనే జలవిద్యుత్తుతో నీటిని భారీ ఎత్తున విడగొట్టారు. సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీయడం చౌకయ్యాక ఆ పద్ధతి వెనకబడింది. ఇప్పుడు మళ్లీ అందరి చూపూ దాని మీదే. కిలో హైడ్రోజన్‌కు 50 యూనిట్లకు పైనే కావాలి. ఆ కరెంటు బొగ్గుది అయితే మాత్రం, సహజవాయువు నుంచి తీసినప్పటి కంటే చాలా ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది.