క్యాంపర్ వ్యాన్ అద్దానికి అమరే ఎండతెర

మబ్బులేని మధ్యాహ్నం సూర్యుడికి నేరుగా ఎదురుగా ఉన్న ఒక చదరపు మీటరు తలం మీద దాదాపు 1000 వాట్ల సౌరశక్తి పడుతుంది. పడుకోవడానికి వీలుగా అమర్చిన ప్రయాణ వాహనమైన క్యాంపర్ వ్యాన్ ముందు అద్దం విస్తీర్ణం ఒకటిన్నర చదరపు మీటర్లనీ, అద్దం వాలు వల్ల కొంత, గాజు తిప్పికొట్టడం వల్ల కొంత పోగా మూడింట రెండు వంతులు లోపలికి వస్తాయనీ అనుకుంటే, 1000 వాట్ల గది హీటర్ ఒకటి ఎండ ఉన్నంతసేపూ డ్రైవరు సీటు ముందు వెలుగుతున్నట్టే లెక్క. 2018లో వెలువడిన అరిజోనా పరిశోధకుల అధ్యయనంలో, వేసవి ఎండలో గంటసేపు నిలిపిన కార్లలోని గాలి సగటున 47 డిగ్రీల సెల్సియస్‌కు చేరగా, డ్యాష్‌బోర్డు 69 డిగ్రీలకు చేరింది. ఈ రెండు అంకెల మధ్య తేడాను గమనించాలి. ఎండ గాలిని నేరుగా వేడి చేయదు. అది ముందు డ్యాష్‌బోర్డునూ సీట్లనూ వేడి చేస్తుంది, ఆ తలాలు గాలిని వేడి చేస్తాయి. కాబట్టి ఎండతెర పని గాలిని చల్లబరచడం కాదు, ఎండను ఆ తలాల దాకా చేరనివ్వకపోవడం.

గాజు ఈ వ్యవహారంలో రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. భూమిని చేరే సౌరశక్తిలో దాదాపు సగం కంటికి కనిపించే వెలుగు, దాదాపు సగం కంటికి కనిపించని సమీప పరారుణం (ఇన్‌ఫ్రారెడ్), మిగిలిన కొద్ది భాగం అతినీలలోహితం. మామూలు గాజు వీటిలో చాలా భాగాన్ని లోపలికి వదులుతుంది. అయితే వేడెక్కిన డ్యాష్‌బోర్డు వెలువరించే కిరణాల తరంగదైర్ఘ్యం పది మైక్రాన్లకు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) అటూ ఇటూగా ఉంటుంది, దీర్ఘ పరారుణం అనే వాటిని మాత్రం గాజు బయటికి పోనివ్వదు. వాహనం లోపల వేడి నిలవడానికి కారణం ఇదేనని సాధారణంగా చెబుతుంటారు కానీ, అందులో నిజం కొంతే. అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ 1909లో రెండు పెట్టెలు తీసుకుని, ఒకదానికి గాజు మూత, మరొకదానికి దీర్ఘ పరారుణాన్ని కూడా బయటికి వదిలే రాతి ఉప్పు పలక మూత పెట్టి ఎండలో ఉంచినప్పుడు, రెండూ దాదాపు సమానంగానే వేడెక్కాయి. వేడెక్కిన గాలి పైకి లేచి పోకుండా మూత ఆపడమే అసలు కారణమని ఆ ప్రయోగం సూచించింది. గాలి కదలికకు ఉన్న ఈ ప్రాధాన్యాన్ని ఎండతెర తయారు చేసేవారు తరచుగా మరచిపోతారు. వారి దృష్టి అంతా ఏ గుడ్డ, ఏ రేకు అన్నదాని మీదే ఉంటుంది. నా అభిప్రాయంలో తెర దేనితో చేశామన్నదాని కన్నా, అది అద్దానికి ఏ వైపున ఉంది, అంచుల వెంట ఎంత బిగుతుగా కూర్చుంది అన్న రెండు విషయాలే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయి.

ముందుగా తెరలో ఎండ వైపు ఉండే వెండి రంగు పొర సంగతి చూద్దాం. శుభ్రమైన అల్యూమినియం రేకు తన మీద పడిన కిరణాలలో తొంభై శాతం వరకు తిప్పికొడుతుంది. దానికి ఇంకో గుణం కూడా ఉంది: తాను వేడెక్కినా, ఆ వేడిని కిరణాల రూపంలో వెలువరించడంలో అది చాలా పిసినారి. అదే ఉష్ణోగ్రతలో ఉన్న నల్లటి తలం వెలువరించే దానిలో ఇరవయ్యో వంతు కూడా వెలువరించదు. అయితే ఈ రెండు గుణాలూ పనిచేయాలంటే రేకుకు ఎదురుగా గాలి పొర ఉండాలి. దేనికైనా ఆనుకుంటే అల్యూమినియం మంచి ఉష్ణవాహకం మాత్రమే, అది వేడిని చక్కగా దాటవేస్తుంది. అందుకే తెరలో రేకు వెనుక నురుగు పొరనో దూది వంటి పాలియెస్టర్ పొరనో పెడతారు. వాటిలో చిక్కుకున్న నిశ్చలమైన గాలే అక్కడ నిజమైన నిరోధకం. వ్యాను లోపలి వైపుకు నల్ల గుడ్డ వేయాలా, తెల్ల గుడ్డ వేయాలా అన్న చర్చకు వేడి విషయంలో పెద్దగా అర్థం లేదు. రంగు తేడా కంటికి కనిపించే వెలుగుకు వర్తిస్తుంది కానీ, గది ఉష్ణోగ్రత దగ్గర వెలువడే పరారుణానికి నల్ల గుడ్డా తెల్ల గుడ్డా దాదాపు ఒకటే. పగలు నిద్రపోవడానికి చీకటి కావాలంటే ముదురు రంగు మేలు, అంతే.

ఇక తెర లోపల ఉండాలా, బయట ఉండాలా? లోపలి తెర లెక్క ఇలా ఉంటుంది. అద్దం మీద వంద భాగాల ఎండ పడితే ఎనభై లోపలికి వస్తాయనుకుందాం. వాటిలో డెబ్బై రెండింటిని వెండి పొర వెనక్కు పంపుతుంది. కానీ అవి బయటికి పోవాలంటే మళ్లీ అదే గాజును దాటాలి, ఆ దాటడంలో గాజు మరికొంత మింగుతుంది. ఇలా గాజులోనూ తెరలోనూ చేరిన వేడి, రెండింటి మధ్య ఉన్న గాలికి అందుతుంది. వేడిని పీల్చుకునే ఆకుపచ్చ ఛాయ గాజు ఉన్న వాహనాల్లో గాజు వాటా ఇంకా పెరుగుతుంది. బయటి తెర విషయంలో ఈ మిగులు వేడి అద్దానికి అవతలే పుట్టి, గాలికి కొట్టుకుపోతుంది.

బయటి తెర ఎంత పనికొస్తుందో అంతరిక్షంలోనూ తేలింది. 1973 మే నెలలో అమెరికా స్కైలాబ్ అంతరిక్ష కేంద్రం ప్రయోగ సమయంలో తన రక్షణ కవచాన్ని కోల్పోయి, లోపల 50 డిగ్రీలు దాటి వేడెక్కినప్పుడు, జాక్ కింజ్లర్ అనే ఇంజనీరు గొడుగులా విచ్చుకునే తెరను కొద్ది రోజుల్లో రూపొందించాడు. వ్యోమగాములు దానిని ఒక చిన్న ద్వారం గుండా బయటికి తోసి విప్పగానే లోపలి ఉష్ణోగ్రత దిగడం మొదలైంది. ఆ తెరలో వాడిన నైలాన్‌ను అతినీలలోహిత కిరణాలు దెబ్బతీస్తాయన్న భయంతో తరువాతి బృందం ఆగస్టులో దాని మీద మరో తెర పరచింది. ఇంట్లో తెర కుట్టేవారికి కూడా ఇందులో పనికొచ్చే సంగతి ఉంది: దారమూ గుడ్డా నైలాన్‌వి కాక పాలియెస్టర్‌వి అయితే ఎండకు ఎక్కువ కాలం ఆగుతాయి. నూలు దారం తేమకూ ఎండకూ త్వరగా చివికిపోతుంది.

ఇన్ని సుగుణాలున్నా బయటి తెరకు గాలి, వాన, దొంగలు శత్రువులు. రాత్రిపూట వాహనం దిగకుండా దానిని తీయలేరు. ఒంటరిగా ప్రయాణించేవారికి ఇది చిన్న విషయం కాదు. అందుకే చాలామంది లోపలి తెరకే మొగ్గుతారు. అలా మొగ్గినప్పుడే అంచుల బిగువు అసలు సమస్యగా మారుతుంది. తెరకూ అద్దానికీ మధ్య వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది. పై అంచున సందు ఉంటే అక్కడి నుంచి వ్యానులోకి పొర్లుతుంది, దాని స్థానంలోకి కింది అంచు నుంచి గాలి చేరుతుంది. ఈ ప్రవాహం ఎండ ఉన్నంతసేపూ ఆగదు. అద్దం చుట్టుకొలత ఐదు మీటర్లయితే, చుట్టూ ఒక సెంటీమీటరు సందు మొత్తం 500 చదరపు సెంటీమీటర్లవుతుంది. అద్దం విస్తీర్ణంలో అది మూడు శాతం మాత్రమే, ఆ సందులోంచి నేరుగా వచ్చే ఎండ కూడా స్వల్పమే. కానీ అదే సందు గాలికి రాకపోకల దారి అయినప్పుడు, తెర ఆపిన వేడిలో చెప్పుకోదగ్గ భాగం దొడ్డిదారిన లోపలికి వచ్చేస్తుంది. అన్ని వాహనాలకూ సరిపోతుందని అమ్మే తెరలు నిరాశపరచేది ఇక్కడే.

మరి అద్దానికి సరిగ్గా అమరేలా కత్తిరించడం ఎలా? ఇక్కడ కార్ల్ ఫ్రెడ్రిక్ గౌస్ 1827లో నిరూపించిన సిద్ధాంతం ఒకటి అడ్డు వస్తుంది. సాగదీయకుండా, చింపకుండా ఒక తలాన్ని ఎలా వంచినా దాని సహజ వక్రత మారదని ఆ సిద్ధాంతం చెబుతుంది. చదునైన కాగితాన్ని గొట్టంగానో శంకువుగానో చుట్టవచ్చు కానీ, బంతి మీద ముడత పడకుండా పరచలేము. ముందు అద్దం ప్రధానంగా అడ్డంగా వంగి ఉంటుంది, ఆ వంపు ఒక్కటే అయితే కాగితం చక్కగా ఒదిగేది. కానీ చాలా అద్దాలకు నిలువునా కూడా కొద్దిపాటి వంపు ఉంటుంది. ఆ రెండో వంపు వల్లే మూలల దగ్గర కాగితం లేచి నిలుస్తుంది. దానిని బలవంతంగా అదిమే బదులు, లేచిన చోట అంచు నుంచి లోపలికి చిన్న చీలిక పెట్టి, రెండు అంచులూ ఒకదాని మీద మరొకటి ఎంత ఎక్కుతాయో గుర్తు పెట్టుకోవాలి. గుడ్డలో ఆ మేరకు డార్ట్ (వంపు కోసం కుట్టే కోసుగా ఉండే మడత) కుడితే తెర ఆ మూలకు తగిన వంపు తెచ్చుకుంటుంది. పక్క కిటికీల అద్దాలు చాలా వరకు ఒక దిక్కుకే వంగి ఉంటాయి కాబట్టి వాటికి ఈ బెడద తక్కువ.

నమూనాకు మందపాటి కాగితం కన్నా పారదర్శకమైన ప్లాస్టిక్ పలుచటి షీటు నయం, ఎందుకంటే రబ్బరు అంచు దాని గుండా కనిపిస్తుంది. షీటును మాస్కింగ్ టేపుతో లోపలి వైపు నుంచి అంటించి, అంచు వెంట గీత గీసి, పై వైపు ఏదో, వ్యాను లోపలికి ఉండే ముఖం ఏదో అక్కడికక్కడే రాసుకోవాలి. కుడి ఎడమ అద్దాలు ఒకదానికొకటి ప్రతిబింబాలే అయినా, ఒక నమూనాను తిరగేసి రెండో వైపు కత్తిరించే ముందు దానిని అక్కడ పెట్టి చూడడం మంచిది. వెనుక చూపు అద్దం కాడ, వాన సెన్సరు ఉన్న చోట తగినంత కోత వదలాలి. మందం లెక్కను కూడా మరవకూడదు. అద్దం ఈ చివరి నుంచి ఆ చివరికి నలభై డిగ్రీల కోణం తిరిగిందనీ, తెర మందం 8 మిల్లీమీటర్లనీ అనుకుంటే, వంపు లోపలి వైపున్న గుడ్డ బయటి పొర కన్నా దాదాపు 5.6 మిల్లీమీటర్లు పొట్టిగా ఉండాలి. రెండింటినీ ఒకే కొలతకు కత్తిరిస్తే లోపలి గుడ్డ అలలు తేలుతుంది. మరోవైపు, నురుగు పొర అంచు ఫ్రేములోకి కొద్దిగా అదుముకుని కూర్చునేలా చుట్టూ కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువే ఉంచాలి. సందును మూసేది ఆ అదుమే. పొరలు కదలకుండా అడ్డంగా నిలువుగా కుట్లు వేయాలన్న సరదా చాలామందికి ఉంటుంది కానీ, ప్రతి కుట్టు దగ్గరా పొర నలిగి గాలి బయటికి పోతుంది కాబట్టి కుట్లు ఎంత తక్కువైతే అంత మేలు.

బిగించడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. నాలుగు సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రబ్బరు సక్షన్ కప్పును వాతావరణ పీడనం సిద్ధాంతరీత్యా 12 కిలోల బరువుకు పైగా బలంతో అద్దానికి నొక్కగలదు, కానీ దుమ్మూ వేడికి మెత్తబడిన అంచూ ఆ బలాన్ని హరిస్తాయి. నియోడిమియం అయస్కాంతాలు మరింత నమ్మకమైనవే గానీ, వాటిలో మామూలు రకాలు 80 డిగ్రీలు దాటితే శాశ్వతంగా కొంత బలం కోల్పోవచ్చు. అద్దానికీ వెండి పొరకూ మధ్య కాకుండా, లోపలి గుడ్డ అంచులో వాటిని కుట్టడం అందుకే. అల్యూమినియానికీ ఫైబర్‌గ్లాస్‌కూ అవి అంటుకోవు. కొన్ని వాహనాల్లో ముందు అద్దం పక్కనుండే స్తంభాల తొడుగుల వెనుక ఎయిర్ బ్యాగులు ఉంటాయి కాబట్టి అక్కడ మరలు కొట్టకూడదు.

వెనుక భాగంలో ఆక్రిలిక్ అనే ప్లాస్టిక్ కిటికీలుంటే మరో జాగ్రత్త అవసరం. గాజు తట్టుకునే వేడిని ఆ ప్లాస్టిక్ తట్టుకోదు, వంద డిగ్రీల పరిసరాల్లోనే మెత్తబడుతుంది. వెండి తెరను దానికి ఆనించి మూస్తే మధ్యలో వేడి పేరుకుని కిటికీ వంకర పోవచ్చు. అక్కడ మాత్రం బిగుతు సూత్రాన్ని పక్కనబెట్టి, గాలి ఆడేంత ఖాళీ వదలడమో, తెరను బయట వేలాడదీయడమో చేయాలి.

చలి రాత్రి తెర పాత్ర తలకిందులవుతుంది. ఒంటి పొర అద్దం గుండా, లోపలికీ బయటికీ 20 డిగ్రీల తేడా ఉంటే, ఒకటిన్నర చదరపు మీటర్ల నుంచి 170 వాట్ల వేడి బయటికి పోతుంది. తెర దీనిని బాగా తగ్గిస్తుంది. కానీ లోపలి వెచ్చదనం అందకపోవడంతో అద్దం మునుపటి కన్నా చల్లబడుతుంది. 20 డిగ్రీల వద్ద 60 శాతం తేమ ఉన్న గాలి 12 డిగ్రీల కన్నా చల్లటి తలాన్ని తాకితే నీరుగా మారుతుంది, మన శ్వాస రాత్రంతా ఆ తేమను పెంచుతూనే ఉంటుంది. ఎంత బిగుతుగా కుట్టిన తెరైనా ఈ ఆవిరిని పూర్తిగా ఆపలేదు కనుక, రాత్రి పై వెంటిలేటరును కొద్దిగా తెరిచి ఉంచి, తెల్లవారగానే తెర తీసి అద్దాన్ని తుడిచి, తెరను ఆరబెట్టిన తరువాతే చుట్టి పెట్టాలి. మడత పెడితే మడత గీతల వెంట వెండి పొర పగిలి రాలిపోతుంది.