గీజర్ కాయిల్‌ను కాల్చేది సున్నమే

గుంటూరులో అద్దెకుంటున్న ఒక పాఠకురాలు అడిగారు: "బోరు నీళ్ళకి గీజర్ కాయిల్ మాటిమాటికీ కాలిపోతోంది. వాడటం చేతకాక పాడు చేస్తున్నారని ఓనరు గారు అంటున్నారు. తప్పు మాదేనా?" కాదండీ. ఆ బోరు నీళ్ళ రసాయనం అలాంటిది, అది తెలుసుకుంటే ముచ్చటేస్తుంది కూడా.

పంచదార వేడి నీళ్ళలో బాగా కరుగుతుంది. సున్నపురాయి, అంటే కాల్షియం కార్బొనేట్, దీనికి పూర్తిగా రివర్సు. ఉత్త నీటిలో అది దాదాపు కరగనే కరగదు. నేలలోకి ఇంకే వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త ఆమ్లమవుతుంది, ఆ ఆమ్లం రాయిని కాల్షియం బైకార్బొనేట్‌గా మార్చి కరిగిస్తుంది. నీళ్ళు కాగితే గ్యాస్ పోతుంది, సున్నం మళ్ళీ రాయవుతుంది. బొర్రా గుహల్లో పైకప్పు నుంచి వేలాడే రాళ్ళు కట్టిందీ ఈ చర్యతోనే. అక్కడ చుక్క చుక్కా గాలి తగిలి గ్యాస్ వదలడానికి వేల ఏళ్ళు పట్టింది, గీజర్లో నెలలు చాలు. తాత్కాలిక కాఠిన్యం, అంటే నీళ్ళలో ఇలా బైకార్బొనేట్‌గా కరిగి ఉన్న సున్నం, మరిగిస్తే పోతుందని బడిలో బట్టీ పట్టిస్తాం, ఎక్కడికి పోతుందో మాత్రం చెప్పం. పోయేది కాయిల్ మీదికి! టాంకులో అన్నిటికన్నా వేడిగా ఉండేది అదే మరి.

రాగి పంపే వేడిలో సున్నం వందో వంతు కూడా పంపలేదు. అయినా 2000 వాట్ల కాయిల్ ఆ 2000 వాట్లూ బయటికి తోయాల్సిందే, అందుకు లోపల ఇంకా ఇంకా కాగాలి. థర్మోస్టాట్ చూసేది నీటి వేడిని, కాయిల్ పడే బాధ దానికి తెలియదు. చివరికి పైతొడుగు పగిలి నీళ్ళు తీగకు తగులుతాయి. ఇంటికి ఎర్తింగ్ సరిగా లేకపోతే కుళాయి ముట్టుకున్నా షాకే. బిల్లు కూడా విపరీతంగా పెరుగుతుందంటారు గానీ నేను ఒప్పుకోను, పుట్టిన వేడి ఎలాగూ నీళ్ళలోకే చేరుతుంది.

పటిక మురుగును దించుతుంది, కరిగిన కాల్షియాన్ని కాదు. పైపుకి అయస్కాంతం కట్టడం మీద డబ్బు పెట్టకండి. థర్మోస్టాట్‌ను 50-55 డిగ్రీల దగ్గర ఉంచండి. ఏడాదికోసారి మెకానిక్‌తో కాయిల్ తీయించి నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపిన నీళ్ళలో నానబెట్టించండి, సున్నం బుసబుసా పొంగి వదిలేస్తుంది. ఇంటికి కృష్ణా నీళ్ళ కుళాయి ఉంటే గీజర్‌కి ఆ లైను ఇవ్వమని అడగండి.

నీళ్ళు పరీక్ష చేయిస్తే ఓనరుతో మాట్లాడటం తేలిక. మన ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. అది తాగే నీటికి పెట్టిన హద్దు, 600 నీళ్ళకి ఏ కాయిలూ ఎక్కువ కాలం నిలవదు. బోరూ గీజరూ రెండూ ఓనరువే కాబట్టి, సర్వీసింగ్ ఖర్చు ఆయనదేనని అద్దె కాగితంలో ముందే రాయించుకోండి.