పాత షేర్ సర్టిఫికెట్లు: అపోహలు - వాస్తవాలు

పాత షేర్ కాగితాలు కొని, వాటిని సరదాగా సేకరించేవాళ్లకు అమ్మడం నా పని. చేతిలో కాగితం పెట్టి "దీనికెంతొస్తుంది?" అని అడిగేవాళ్లే ఎక్కువ. ముందు కంపెనీ పేరు అక్షరం వదలకుండా చదవమంటాను. ఎందుకో అమెరికా యంత్రాల కంపెనీ అలిస్-చామర్స్‌ను చూస్తే తెలుస్తుంది.

అపోహ: పేరు ఒకటే అయితే కంపెనీ ఒకటే.

వాస్తవం: 1861లో మిల్వాకీలో వేలానికొచ్చిన రిలయన్స్ వర్క్స్ అనే కర్మాగారాన్ని ఎడ్వర్డ్ అలిస్ కొన్నాడు (మన రిలయన్స్‌తో దానికే సంబంధమూ లేదు, ఎవరో ఒకరు అడుగుతారని చెప్తున్నా). ఆవిరి ఇంజన్లు, పిండిమరల యంత్రాలతో అది పెరిగింది. ఆయన పోయాక, 1901లో, గనుల యంత్రాలు చేసే షికాగో సంస్థ ఫ్రేజర్ అండ్ చామర్స్, క్రషర్లు చేసే గేట్స్ ఐరన్ వర్క్స్ వంటివి అలిస్ సంస్థతో కలిసి అలిస్-చామర్స్ కంపెనీ పుట్టింది. 1912లో అది అప్పుల్లో పడి, కోర్టు పెట్టిన రిసీవర్ చేతికి పోయింది. 1913లో పేరులో 'మాన్యుఫాక్చరింగ్' చేర్చుకుని కొత్త కంపెనీగా లేచింది. నారింజ ట్రాక్టర్లతో పేరు తెచ్చుకున్నది ఈ రెండోదే. ఆ ఒక్క మాట ఉంటే కాగితం ఈ రెండో కంపెనీదని తేలిపోతుంది.

అపోహ: చిల్లులు కొట్టిన సర్టిఫికెట్ పనికిరాదు.

వాస్తవం: షేరు చేతులు మారితే పాత కాగితానికి చిల్లులు కొట్టి రద్దుచేసి కొత్తది ఇచ్చేవారు. మార్కెట్లో దొరికేవాటిలో చాలావరకు అలా రద్దయినవే. చిల్లు సంతకం మీదో బొమ్మ మీదో పడితేనే ధర తగ్గుతుంది.

అపోహ: పాతదైతే ఖరీదే.

వాస్తవం: కాదు. అమెరికా చమురు కుబేరుడు రాక్‌ఫెల్లర్ సంతకమున్న, ఆయన కంపెనీ స్టాండర్డ్ ఆయిల్ కాగితం వేల డాలర్లు పలుకుతుంది. పేరున్న కంపెనీదే అయినా కట్టలుకట్టలుగా మిగిలిపోయిన కాగితానికి పెద్దగా రాదు.

అపోహ: కంపెనీ వ్యాపారం ఇంకొకరి చేతిలో బతికే ఉంది, వాళ్లను డబ్బు అడగొచ్చు.

వాస్తవం: అలిస్-చామర్స్ 1985లో ట్రాక్టర్ల వ్యాపారాన్ని జర్మన్ సంస్థకు అమ్మేసింది, 1987లో దివాలా తీసింది. ఆ ట్రాక్టర్ల వ్యాపారం 1990లో ఆగ్కో అనే అమెరికా కంపెనీ చేతికొచ్చింది. కానీ చేతులు మారింది వ్యాపారమే, షేర్లు కాదు. పాత కాగితం చూపిస్తే ఆగ్కో పైసా కూడా ఇవ్వదు.

మన దేశపు కంపెనీల కాగితాల సంగతి వేరు. తాతగారి బీరువాలో దొరికితే నాలాంటివాళ్లకు అమ్మకండి, లామినేషన్ అసలే వద్దు. 2019 ఏప్రిల్ 1 నుంచి లిస్టెడ్ కంపెనీల షేర్లను మామూలుగా కాగితం రూపంలో బదిలీ చేయడం ఆగిపోయింది. అయినా హక్కు పోలేదు. కంపెనీ వాటాదారుల లెక్కలు చూసే రిజిస్ట్రార్‌ను అడగండి. వరుసగా ఏడేళ్లు డివిడెండ్ తీసుకోకపోతే ఆ షేర్లు ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ నిధికి వెళ్లి ఉంటాయి. ఐఈపీఎఫ్-5 ఫారంతో వాటిని తిరిగి అడగొచ్చు.