కచేరీకి కార్డు కావాలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

మొన్న అనంతపురంలో ఒక కచేరీకి మృదంగం సంచి భుజానేసుకుని పోతున్నా. గేటు దగ్గర భార్యాభర్తలు, పక్కన పదేళ్ల పాప. "సార్, మాకు కార్డు రాలేదు. వెనక నిలబడి వింటే ఏమైనా అంటారా?" అని ఆయన బెరుగ్గా అడిగాడు. ఎన్నేళ్లుగానో వింటున్న ప్రశ్నే.

అపోహ: పిలిచినవాళ్లకే కచేరీ.
వాస్తవం: మన దగ్గర ఇలాంటి సభలకు చాలావరకు టికెట్టే ఉండదు. కార్డు అంటే కబురు, గేట్ పాసు కాదు. బ్యానర్ మీద 'అందరూ ఆహ్వానితులే' అని ఉంటే ఆ అందరిలో మీరూ ఉన్నారు. ముందు వరుస సోఫాలు దాతలకు వదిలేసి, మూడో వరుస నుంచి ఎక్కడైనా కూర్చోండి. ఈ ఒక్క అనుమానంతో ఇక్కడ ఇంట్లో ఆగిపోయి, అవే కీర్తనల కోసం రెండొందల కిలోమీటర్ల పైన బెంగళూరు పోయి టికెట్టు కొనేవాళ్లున్నారు. బస్సు, లాడ్జి, భోజనం, లెక్క మీరే వేసుకోండి. ఇక్కడేమో సగం కుర్చీలు ఖాళీ.

పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన, వైశాఖ పౌర్ణమికి అన్నమయ్య జయంతి. ఆ రోజులు దగ్గరపడితే లలితకళా పరిషత్తు వైపు, గుళ్ల నోటీసు బోర్డుల వైపు ఒక చూపు వేయండి. ఆరాధన పొద్దున్నే ఉంటే ఉగ్గాని బజ్జీ తిని తీరిగ్గా రండి. ఖాళీ కడుపుతో వినాలన్నది ఎవరు పుట్టించారో!

రాగం తెలియకపోతే నవ్వుతారని ఇంకో టెన్షన్. ఎవరూ నవ్వరు. తాళం వేయండి చాలు. ఆదితాళానికి ఎనిమిది లెక్కలు: దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు; తర్వాత దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. తప్పితే మళ్లీ మొదటి దెబ్బకు కలవండి. నేర్చుకునే రోజుల్లో నాకూ తప్పేది, మా గురువుగారు తొడ మీద ఒక్కటిచ్చి కలిపేవారు.

మిగతావి గబగబా. మృదంగం మీది నల్ల మచ్చ పెయింటు కాదు, రాతిపొడి, అన్నం కలిపి పొరలు పొరలుగా రుద్దింది. ఎడమ మూతకు పూసేది నిజంగానే బొంబాయి రవ్వ. తని ఆవర్తనం, అంటే పాట ఆగి మృదంగం విడిగా మోగే భాగం, ఇంటర్వెల్ కాదు! పాటంతా వెనక నడిచినవాడికి దొరికేది ఆ పది పదిహేను నిమిషాలే, అప్పుడే అందరికీ టీ గుర్తొస్తుంది.

ఆ కుటుంబాన్ని ఆరోజు నాలుగో వరుసలో కూర్చోబెట్టా. తని మొదలవగానే ఆ నాన్న లేవబోయాడు. పాప ఒక చేత్తో తాళం వేస్తూనే, రెండో చేత్తో ఆయన చొక్కా పట్టి కూర్చోబెట్టింది.