మెస్సీయ దైవత్వం, హీబ్రూ లేఖనాలు: మన ప్రసంగాల్లో తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

బైబిల్ కాలేజీలో హీబ్రూ చెబుతాను. డిసెంబరు దగ్గర పడితే చాలు, ఫోన్లు మొదలవుతాయి. "సార్, క్రిస్మస్ ప్రసంగం రాసుకుంటున్నాను, ఎలోహీమ్ అంటే త్రిత్వమని చెప్పొచ్చా?" అని ఒకరు, "ఎహాద్ గురించి రెండు ముక్కలు చెప్పండి" అని ఇంకొకరు. (హీబ్రూలో ఎలోహీమ్ అంటే 'దేవుడు', ఎహాద్ అంటే 'ఒకటి'. త్రిత్వమంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న మన నమ్మకం.) అడిగేవాళ్ళందరూ వాక్యం మీద ప్రేమ ఉన్నవాళ్ళే. యేసు దేవుడని నేనూ మనసారా నమ్ముతాను. అందుకే ఆ నమ్మకాన్ని నిలవని ఆధారాల మీద నిలబెడితే నాకు బాధ. మన యూత్‌లో ఒక పిల్లాడు యూట్యూబ్‌లో ఎవరో రబ్బీ (యూదు మత గురువు) వీడియో చూసి, "పాస్టరు గారు చెప్పిందంతా తప్పా సార్?" అని టెన్షన్ పడుతూ వస్తే, తప్పు ఆ పిల్లాడిది కాదు.

అపోహ: ఎలోహీమ్ బహువచనం కాబట్టి అందులోనే త్రిత్వం ఉంది.

చివర 'ఈమ్' అనే బహువచన ప్రత్యయం ఉన్న మాట నిజమే. కానీ ఆదికాండం మొదటి వచనంలో దాని క్రియ 'బారా', అంటే 'సృజించెను', 'సృజించిరి' కాదు. మనం "నాన్నగారు వచ్చారు" అంటే గౌరవం కోసం క్రియ కూడా బహువచనంలోకి వెళ్తుంది. హీబ్రూలో మాత్రం ఇలా గౌరవం కోసం పేరు బహువచనంలో ఉన్నా క్రియ మామూలుగా ఏకవచనంలోనే ఉంటుంది. పైగా ఇదే మాటను ఫిలిష్తీయుల దాగోనుకీ వాడారు (1 సమూయేలు 5:7), సీదోనీయుల అష్తారోతుకీ వాడారు (1 రాజులు 11:5). దాగోనులో ముగ్గురున్నారని ఎవరమూ అనం కదా.

అపోహ: 'ఎహాద్' అంటే కొందరు కలిసిన ఒకటి, ఒంటరి ఒకటి కాదు.

యెహోవా ఒక్కడే అని చెప్పే ద్వితీయోపదేశకాండం 6:4 మీద ఇది చాలా ఎక్కువగా వినిపిస్తుంది. దానికి రుజువుగా సంఖ్యాకాండం 13:23లోని ద్రాక్ష గెలను చూపిస్తారు, 'ఎష్కోల్ ... ఎహాద్' అని. "ఒక అరటి గెల" అన్నప్పుడు పండ్లు చాలా ఉంటాయి, నిజమే. కానీ ఆ 'చాలా' అనేది 'గెల'లో ఉంది, 'ఒక'లో లేదు. ప్రసంగి 4:8లో కొడుకూ తమ్ముడూ ఎవరూ లేని ఒంటరివాడి గురించి చెబుతూ వాడిందీ ఎహాదే. ఆ మాటకు అర్థం 'ఒకటి', అంతే. యూదులు రోజూ చదువుకునే వచనాన్ని వాళ్ళ ముందే మెలిపెట్టి వాదించడం నాకు మర్యాదగా కూడా అనిపించదు.

అపోహ: మెస్సీయ అన్న బిరుదే దైవత్వాన్ని చెబుతుంది.

లేదు. 'మాషీయహ్' అంటే అభిషేకం పొందినవాడు. సౌలు అభిషిక్తుడు, ప్రధాన యాజకుడు అభిషిక్తుడు, యెషయా 45:1లో పారసీక రాజు కోరెషు కూడా అభిషిక్తుడే.

అపోహ: యెషయా 9:6 ఒక్కటి చాలు, ఇక మాట్లాడాల్సింది లేదు. (ఎదుటివాళ్ళ అపోహ: అది యెషయా కాలపు యూదా రాజు హిజ్కియా గురించే, దేవుడన్న మాటే అక్కడ లేదు.)

ఇక్కడ కాస్త ఆగాలి. మనకు ఒక బిడ్డ పుట్టాడని చెప్పి, ఆ బిడ్డకు పెట్టే పేర్లు చెప్పే వచనం ఇది. హీబ్రూ ముద్రణల్లో 9:5గా ఉంటుంది, వెతికేటప్పుడు తికమకపడకండి. మనం "బలవంతుడైన దేవుడు" అని చదివేది 'ఎల్ గిబ్బోర్'. క్లాసులో మృతసముద్రం దగ్గరి పాత తోలు చుట్టల్లోని యెషయా గ్రంథపు ఫోటో తెర మీద వేసి, పిల్లల చేత ఒక్కో అక్షరం చదివిస్తాను: ఆలెఫ్, లామెద్, తర్వాత గిమెల్, బేత్, వావ్, రేష్. పదిహేడు తోలు ముక్కల్ని కలిపి కుట్టిన, ఏడు మీటర్లు దాటిన ఆ చుట్ట 1947లో కుమ్రాను గుహల్లో దొరికింది, ఇప్పుడు యెరూషలేములో ఉంది. క్రీస్తు పుట్టడానికి వంద ఏళ్ళకు పైగా ముందు రాసింది అది. కాబట్టి క్రైస్తవులు తర్వాత ఈ మాట ఇరికించారనే వాదన నిలవదు. ఆ తర్వాతి అధ్యాయంలోనే, 10:21లో, ఇవే రెండు మాటలు సాక్షాత్తు దేవుని గురించి వస్తాయి. అందుకని 'గొప్ప వీరుడు' అని మాత్రమే అర్థం చెప్పి దాటేయడం కుదరదు.

అయితే అవతలివాళ్ళ మాటా వినాలి. పదకొండో శతాబ్దపు ఫ్రాన్సు రబ్బీ రాషి దీన్ని ఇంకోలా చదివాడు: ఆశ్చర్యకరుడు, బలవంతుడు అన్నవి పేరు పెట్టే దేవుని బిరుదులు, బిడ్డకు దక్కేది చివరి 'సమాధానకర్త' ఒక్కటే, ఆ బిడ్డ హిజ్కియా. హీబ్రూ వ్యాకరణం దీనికి కొంత చోటిస్తుంది. పైగా హీబ్రూలో పేర్లే వాక్యాలు. హిజ్కియా అంటే 'యెహోవా బలపరుస్తాడు' అని, అంతమాత్రాన హిజ్కియా దేవుడైపోలేదు. 'దేవుడు మనకు తోడు' అనే అర్థమున్న 'ఇమ్మానుయేలు'కూ ఇదే వర్తిస్తుంది, పేరు ఒక్కటే రుజువు కాదు. యిర్మీయా 23:6లో రాబోయే రాజుకు పెట్టిన 'యెహోవా మనకు నీతి' అన్న పేరే 33:16లో యెరూషలేము పట్టణానికి పెట్టారు, చూడండి. మరి యెషయా 9లో బరువు ఎక్కడుంది? ఇంతటి పేరు పెట్టించుకున్నవాడు ఆ లేఖనాల్లో మరొకడు లేడు, ఆ పేరు వెంటనే దావీదు సింహాసనం మీద అంతం లేని పాలన వస్తుంది. హిజ్కియా పాలనకు అంతం వచ్చింది, రాజ్యం బబులోను చేతికి పోయింది. ఆ వచనం హిజ్కియా కంటే పెద్దది అనేదే నా అభిప్రాయం.

అపోహ: కీర్తన 110:1లో ఇద్దరు 'ప్రభువులూ' ఒకే మాట.

"ప్రభువు నా ప్రభువుతో" అని తెలుగులో వింటాం కాబట్టి అలా అనిపిస్తుంది. హీబ్రూలో మొదటిది యెహోవా నామం, రెండోది 'అదోనీ'. అబీగయీలు దావీదును పిలిచింది కూడా 'అదోనీ' అనే (1 సమూయేలు 25:24), మన 'అయ్యగారు' లాంటి మాట. దైవత్వం ఆ పదంలో లేదు. యేసు కూడా పదం పట్టుకుని వాదించలేదు, దావీదే మెస్సీయను ప్రభువని పిలిస్తే ఆ మెస్సీయ దావీదుకు కొడుకెలా అవుతాడని అడిగాడు. మన ఇళ్ళల్లో తాత మనవణ్ణి ముద్దుగా "నాన్నా" అంటాడు, కానీ చేతులు కట్టుకుని "అయ్యగారూ" అనడు. ఆ ప్రశ్నలో బరువు అదీ. ఆపైన దేవుని కుడిపక్కన కూర్చోమన్న పిలుపు ఉంది, కొత్త నిబంధన మళ్ళీ మళ్ళీ ఎత్తి చెప్పేది దాన్నే.

అపోహ: యేసు దేవుడన్న నమ్మకమంతా 325లో నీకయలో జరిగిన బిషప్పుల సభలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి పుట్టించాడు.

యెషయా 45:23లో "నా యెదుట ప్రతి మోకాలు వంగును" అన్నది యెహోవా. ఫిలిప్పీయులకు రాస్తూ పౌలు అదే మాటను యేసుకు వాడాడు, నీకయకు 250 ఏళ్ళకు పైగా ముందు. రోమా అధికారి ప్లినీ దాదాపు 112లో చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, క్రైస్తవులు క్రీస్తును దేవుడిగా ఎంచి పాట పాడుతున్నారని ఉంది. నీకయకు దారితీసిన తగాదా అసలు లేఖనం అర్థం మీదే. సామెతలు 8:22ను, కుమారుడు సృష్టించబడినవాడన్న అరియ పక్షం ఒకలా చదివింది, కాదు ఆయన సాక్షాత్తు దేవుడన్న అథనాసియ పక్షం ఇంకోలా చదివింది.

అపోహ: దేవునితో పాటు ఇంకొకరు కూర్చునే సింహాసనాల ఆలోచన యూదులకు అసలు తెలియదు. (లేదా: తెలిసీ దాచేశారు.)

రెండూ తప్పే, రెండోదైతే అన్యాయం కూడా. దానియేలు 7 తెరవండి. అది అరామిక్ భాషలో ఉంది. "సింహాసనములు" అని బహువచనం, ఆకాశ మేఘాలతో వచ్చే మనుష్యకుమారుని పోలినవాడు. లేఖనాల్లో మేఘాల్ని వాహనంగా చేసుకునేది దేవుడు (కీర్తన 104:3, యెషయా 19:1). తాల్ముదులో (యూదు గురువుల బోధలు, వాదనల సంపుటం) రబ్బీ అకీవా, ఆ సింహాసనాల్లో ఒకటి దేవునికి, ఒకటి దావీదుకు అన్నాడు. వెంటనే రబ్బీ యోసే, "ఎంతకాలం దైవసన్నిధిని ఇలా సామాన్యం చేస్తావు?" అని గద్దించాడు. వాళ్ళు దాచలేదు, బాహాటంగా వాదించుకుని ఆ వాదనను రాసి కూడా పెట్టారు. అదే అధ్యాయం 18వ వచనంలో రాజ్యం మహోన్నతుని పరిశుద్ధులకు దక్కుతుందని ఉంది కాబట్టి, ఆ వచ్చినవాడు ఇశ్రాయేలు జనానికి గుర్తు అని చదివేవాళ్ళకూ ఆధారం ఉంది. ప్రధాన యాజకుని ముందు యేసు ఎత్తుకున్నది ఈ దృశ్యాన్నే, కీర్తన 110తో కలిపి (మార్కు 14:62), అది వినగానే ఆ యాజకుడు దైవదూషణ అంటూ బట్టలు చింపుకున్నాడు.

ఇంకొక మాట, ఇది చాలామంది ఒప్పుకోవడానికి జంకుతారు. శిష్యులు పాత నిబంధన చదివి, లెక్కలు వేసి, యేసు దేవుడని తేల్చుకోలేదు. యోహాను 2:22 చూడండి, ఆయన మృతులలోనుండి లేచిన తర్వాతే వాళ్ళకు జ్ఞాపకం వచ్చింది, అప్పుడు లేఖనాన్ని నమ్మారు. ముందు ఆయన్ని కలిశారు, తర్వాత ఆ పాత మాటల్ని మళ్ళీ చదివారు. మనం కూడా అలాగే చదువుతున్నామని యూదు మిత్రుడికి సూటిగా చెప్పుకోవచ్చు. మొన్న ఫోన్ చేసిన పాస్టరు గారికి ఎలోహీమ్ పక్కన పెట్టి దానియేలు 7, మార్కు 14 కలిపి చదవమన్నాను. క్రిస్మస్‌కి దానియేలా అని ఆశ్చర్యపోయారు, రెండు రోజుల తర్వాత మళ్ళీ ఫోన్ చేసి, సింహాసనాలు అన్న మాటకు అరామిక్‌లో ఏమంటారని అడిగారు. 'కొర్సవాన్' అని చెప్పాను, రాసుకున్నారు.